నక్షత్రనౌకకూ నెలవాయిదా

పుష్పకవిమానానికి నూనె ఎవరు పోశారని రామాయణం చదివినవారు ఎవ్వరూ అడగలేదు. కుబేరుని వద్దనుండి రావణుడు లాక్కున్నాడు. రావణవధానంతరం రాముడు దానిలో అయోధ్య చేరుకున్నాడు. ఆ పిమ్మట అది మరల కుబేరుని ఇంటికే పోయింది. ఇన్ని చేతులు మారిన వాహనానికి ఒక్క మరమ్మతు పడినట్లు గాని, ఒక్క రూక ఖర్చయినట్లు గాని ఎక్కడా కనబడదు. హనుమంతుడు నూరు యోజనాల సముద్రాన్ని లంఘించినప్పుడు దారిఖర్చుల ప్రసక్తి రాలేదు. ఊహాలోకపు ప్రయాణాలకు ఈ సౌకర్యం అన్ని దేశాల వారూ కల్పించుకున్నారు. 1966లో అమెరికన్ టెలివిజన్‌లో మొదలైన స్టార్ ట్రెక్‌లో నౌక ఒక నక్షత్రం నుండి మరొక నక్షత్రానికి నిశ్చింతగా తిరుగుతుంది. అది సర్కారు వారి నౌక. ఖర్చు ఎవరో చూసుకుంటారు.

ఈ సౌకర్యాన్ని తొలగించిన ఆట ఒకటి ఉన్నది. దాని పేరు ట్రావెలర్. మార్క్ మిల్లర్ రూపొందించిన ఈ ఆటను 1977లో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో, నార్మల్ అనే విచిత్రమైన పేరుగల పట్టణం నుండి గేమ్ డిజైనర్స్ వర్క్‌షాప్ అనే సంస్థ ప్రచురించింది. చిన్న నల్లని పెట్టెలో మూడు నల్లని పుస్తకాలు, అంతే. ఆ సంస్థ 1996లో మూతపడింది గాని, ఆట వేరు ప్రచురణకర్తల చేతుల్లో నేటికీ సజీవంగా ఉన్నది. ఇందులో చదరంగపు గళ్లు లేవు, గెలుపోటములు లేవు. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు నిర్ణేత, మిగిలినవారు తలా ఒక పాత్ర ధరిస్తారు. "నేను తలుపు తీస్తున్నాను" అంటాడు ఒకడు. తలుపు వెనుక ఏమున్నదో నిర్ణేత చెబుతాడు. సందేహం కలిగిన చోట పాచికలు తీర్పు చెబుతాయి. హరిదాసూ శ్రోతలూ కలసి కథను అల్లుకుంటూ పోయినట్లు ఉంటుందంటే పాఠకులకు సులభంగా బోధపడవచ్చు. 1974లో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఈ తరహా ఆటలకు ఆద్యం. దానిలో కత్తులు, మంత్రాలు, రాక్షసులు ఉంటాయి. ట్రావెలర్‌లో రాక్షసుని స్థానంలో బ్యాంకు ఉన్నది.

సూరత్‌కు తూర్పున సుమారు 35 కిలోమీటర్ల దూరంలో ఉన్న బార్డోలీలో, చెరకు తోటల నడుమ, ఈ ఆట మా ఇంటి భోజనపు బల్ల మీదికి వచ్చి రెండేళ్లు దాటింది. మా అబ్బాయి ఎక్కడో పాత ప్రతి ఒకటి సంపాదించాడు. శనివారం సాయంకాలాలు వాడి మిత్రులు నలుగురు వచ్చేవారు. కళాశాలలో అడుగుపెట్టిన వయస్సు. మాటలు గుజరాతీలో, నియమాలు ఇంగ్లీషులో, తగవులు రెండింటిలోను. నేను అనువాదం చేసి బ్రతికే మనిషిని. సూరత్ మరమగ్గాలపై పనికి తెలంగాణ జిల్లాల నుండి తరలివచ్చిన పద్మశాలి కుటుంబాలవారు బీమా పత్రాలు, బ్యాంకు కాగితాలు, అద్దె ఒప్పందాలు తెస్తూ ఉంటారు. ఆంగ్ల సాహిత్యంలో పట్టా పుచ్చుకున్నదానికి నాకు కలిగిన ప్రధాన ప్రయోజనం ఇది. కనుక బల్ల దగ్గర ఏ మాట అడ్డుపడినా "మాసీ, దీని అర్థమేమిటి?" అంటూ వంటగదిలోకి కేక వచ్చేది.

మొదట అడ్డుపడిన మాట మోర్టగేజ్. తనఖా అని చెప్పాను. పాత ఫ్రెంచి నుండి వచ్చిన ఆ పదంలో మొదటి సగానికి చచ్చినదని, రెండవ సగానికి పూచీ అని అర్థం. బాకీ తీర్చకపోతే ఆస్తి అప్పు తీసుకున్నవానికి చచ్చినట్లు, తీరిస్తే అప్పు ఇచ్చినవానికి చచ్చినట్లు అని పూర్వపు ఇంగ్లీషు న్యాయవేత్తలు వ్యాఖ్యానించారని కూడా చెప్పాను. పిల్లలు మర్యాదగా విన్నారు. వారిలో ఒకడు మాత్రం, "అంటే హప్తో" అని ఒక్కమాటలో తేల్చివేశాడు. వాడి తండ్రికి ఒకే ఒక లారీ. కోతల కాలంలో చెరకు, మిగిలిన నెలల్లో దొరికిన సరుకు తోలేవాడు. వాయిదాను గుజరాతీలో హప్తో అంటారు. ఏడు రోజులనే అర్థం గల పారశీక పదం అది. మన పట్టణాలలో అదే మాట హఫ్తాగా మారి వీధిరౌడీలు వసూలు చేసే సొమ్ముకు పేరయింది. అర్థం మరీ దూరం పోలేదని ఆ కుర్రవాడు అప్పటికే ఎరుగును.

ఇక లెక్క. ఆటలో ఒక్కొక్క పాత్ర సైన్యంలోనో, వర్తక నౌకలలోనో కొన్నేళ్లు పనిచేసి బయటపడిన నడివయస్కుడు. వర్తక నౌకలలో చేసినవానికి, పాచికలు కలిసివస్తే, పదవీ విరమణ వేళ ఫ్రీ ట్రేడర్ అనే 200 టన్నుల చిన్న నౌక దక్కుతుంది. దానితోపాటే దాని బాకీ కూడా. పాత నియమాల ప్రకారం నౌక ఖరీదు 3,70,80,000 క్రెడిట్లు. నెలవాయిదా అందులో 240వ వంతు, అనగా 1,54,500. ఇటువంటి వాయిదాలు 480, నలభై ఏళ్లు. మామూలుగా కొనేవాడు ఐదవ వంతు ముందే చెల్లించాలి. అదీ ఇదీ కలిపితే చివరికి కట్టేది 8,15,76,000. ఖరీదుకు రెట్టింపు పైన మరొక ఐదవ వంతు. ఈ అంకెలు విని మా అబ్బాయి, వాడి మిత్రులు నవ్వారు. లారీవారబ్బాయి నవ్వలేదు. మరునాడు బజారుకు పోయి, దీపావళికి వర్తకులు పూజచేసే ఎర్రగుడ్డ అట్టల చోపడా ఒకటి కొనితెచ్చాడు. మొదటి పుటపై శుభ, లాభ అని వ్రాశాడు. నక్షత్రనౌకకు ఆవిధంగా గుజరాతీ చిట్టా ఏర్పడింది.

ఆ చిట్టా నేను చాలాసార్లు తిరగవేశాను. నౌక ఒక్క లంఘనంలో సమీప నక్షత్రానికి చేరుతుంది. దానికి వారం పడుతుంది. సరుకు దింపి, ఎక్కించి, ప్రయాణికులను వెదుక్కునే సరికి మరొక వారం. నెలకు రెండు యాత్రలు. యాత్రకు ఇంధనం 20 టన్నులు, యంత్రాలు నడవడానికి నెలకు మరో 10. టన్ను 500 చొప్పున నెలకు 25,000. పైలట్ జీతం 6,000, ఇంజనీరుకు 4,000, ప్రయాణికుల మంచిచెడ్డలు చూసేవానికి 3,000, వైద్యునికి 2,000. గాలి, నీరు, తిండి కలిపి గదికి యాత్రకు 2,000. ఏడాదికొకసారి నౌకను రెండు వారాలు ఆపి, ఖరీదులో వెయ్యవ వంతు పెట్టి బాగు చేయించాలి. దిగిన రేవులో 100. ఆదాయం చూద్దామా అంటే, సరుకుకు టన్ను 1,000. నౌకలో 82 టన్నులు పడుతుంది. దర్జా ప్రయాణికుడు 10,000 ఇస్తాడు. సిబ్బందికి పోను గదులు ఆరు మిగులుతాయి. అన్నీ నిండితే నెలాఖరుకు ఎనభై వేల పైచిలుకు మిగులుతుంది. ఏ నెలా అన్నీ నిండవు. ప్రయాణికులు ఒక్కరూ దొరకక, సరుకు మాత్రం నిండుగా దొరికిన నెలలో వచ్చేది 1,64,000; పోయేది 2,13,000 పైన. లోటు యాభై వేలకు కాస్త తక్కువ.

గమనించవలసిన దేమంటే, ఇందులో సముద్రపు దొంగలు లేరు, తుపాకులు లేవు, ఉల్కాపాతం లేదు. ఎవరూ ఏ తప్పూ చేయలేదు. కేవలం నెల గడిచింది.

ఓడలు బండ్లవుతాయి, బండ్లు ఓడలవుతాయి అని మనవారు అంటారు. భాగ్యం తారుమారవుతుందని దాని తాత్పర్యం. ఈ బల్ల మీద మాత్రం అది అక్షరాలా నిజమయింది. కాంతి కంటె వేగంగా పోయే నౌక ఆరు వారాలలో అచ్చంగా ఒక లారీ అయి కూర్చున్నది. "నిలబడ్డ బండికే ఆకలి ఎక్కువ" అని తండ్రి అనే మాటను ఆ కుర్రవాడు రేవులో ఆగిన ప్రతిసారీ వల్లించేవాడు. టైర్ల ఖర్చు ఎక్కడ వ్రాయాలని మొదటి వారమే అడిగాడు. నౌకకు టైర్లు లేవని తెలిసి నమ్మలేకపోయాడు. పర్మిట్టు, బీమా, రోడ్డు మీద అడ్డుపడే చేతులకు ఇచ్చుకునేది, ఇవేవీ నియమాలలో లేవని తెలిశాక, ఈ మార్క్ మిల్లర్‌కు బ్యాంకు తెలుసు గాని దారి తెలియదని తీర్మానించాడు. ఆ విమర్శ నాకు చాలా నచ్చింది.

చవక ఇంధనం సంగతి కూడా ఇట్లాగే జరిగింది. శుద్ధి చేయనిది టన్ను 100కే దొరుకుతుంది. లేదా ఏదో ఒక పెద్ద వాయుగ్రహం మీదుగా నౌకను తూలించి ఉచితంగా ముంచుకోవచ్చు. నెలకు ఇరవై వేలు ఆదా. కాని అది పోస్తే లంఘనం గురి తప్పవచ్చు. ఎక్కడ తేలుతామో తెలియదు. తక్కిన ముగ్గురూ ఆదా వైపు మొగ్గారు. కల్తీ డీజిలు పోయించుకున్న లారీ దారిలో ఎక్కడ ఆగుతుందో చూసిన కుర్రవాడు ఒప్పుకోలేదు. ఈ చర్చ ఒక పూట అంతా సాగింది. శత్రునౌకతో యుద్ధం అంతకుముందు వారం పావుగంటలో ముగిసింది.

సహజంగానే కొందరికి విసుగు పుట్టింది. "మేము నక్షత్రాలు చూడడానికి వచ్చాము, గుమాస్తాగిరీకి కాదు" అన్నాడు ఒకడు. న్యాయమైన మాటే. ఈ లెక్కలన్నీ పక్కన పెట్టి, నౌకను నౌకగా మాత్రమే వాడుకుంటూ ట్రావెలర్ ఆడేవారు ప్రపంచంలో కొల్లలుగా ఉన్నారు. అయినను నా ఓటు చిట్టా వైపే. కారణం చెబుతాను. బాకీ లేని నౌక ఎక్కడికైనా పోవచ్చు. అందుచేత దానికి ఎక్కడికీ పోవలసిన అవసరం లేదు. వాయిదా తేదీ పది రోజుల్లో ఉన్నప్పుడే, అపరిచితుడు తెచ్చిన ముద్రవేసిన పెట్టెను లోపల ఏమున్నదని అడగకుండా ఎక్కించుకోవలసి వస్తుంది. ఆ పెట్టెలోనుండే కథ పుడుతుంది. షేక్స్పియర్ మహాశయునికీ ఈ రహస్యం తెలుసు. వెనిస్ వర్తకుని ఓడలు సముద్రం మీద ఉండగా, మూడు వేల డ్యూకట్లకు మూడు నెలల గడువు పెట్టిన పత్రం తీరాన ఎదురుచూస్తున్నది. నాటకమంతా ఆ గడువే నడిపింది.

అయితే పూర్వపు ఓడ అప్పులకూ ఈ ఆటలోని అప్పుకూ ఒక భేదం ఉన్నది. సముద్రం దాటే వర్తకులనుండి నూటికి నెలకు ఇరవై, అడవులు దాటేవారినుండి పది వడ్డీ తీసుకోవచ్చునని యాజ్ఞవల్క్య స్మృతి చెబుతున్నది. వినడానికి దారుణం. కాని ఓడ మునిగితే సొమ్ము కూడా మునుగుతుందన్న భయానికి వెల అది. ఐరోపాలో ఓడ అడుగుచెక్కను కుదువబెట్టి తీసుకునే అప్పుకు నియమమే ఉండేది: ఓడ తిరిగిరాకపోతే బాకీ రద్దు. అప్పిచ్చినవాడూ ఒకవిధంగా అదే ఓడలో ప్రయాణం చేసేవాడన్నమాట. ట్రావెలర్ బ్యాంకు నౌక ఎక్కదు. ఈనాటి ఏ బ్యాంకూ లారీ ఎక్కదు.

చిట్టాలో నన్ను చాలాకాలం నిలవేసిన పద్దు మరొకటి ఉన్నది. నౌకలో ఇరవై శీతల శయ్యలుంటాయి. డబ్బులేనివాడు 1,000 ఇచ్చి, గడ్డకట్టిన నిద్రలో, సరుకు పక్కన సరుకులా ప్రయాణం చేస్తాడు. దిగేచోట లేపుతారు. లేస్తాడా లేదా అన్నది రెండు పాచికలు తేలుస్తాయి. మొత్తం ఐదు గాని అంతకు మించి గాని పడాలి. సంభావ్యత లెక్క కట్టితే ఆరుగురిలో ఒకరు లేవరు. నేర్పరియైన వైద్యుడుంటే పాచికలకు ఒకటి కలుపుతారు. అప్పుడు పన్నెండుగురిలో ఒకరు. నెలకు రెండు వేలిచ్చే వైద్యుని తొలగించి లోటు పూడ్చుకుందామా అనే మాట మా బల్ల దగ్గర వచ్చింది. ఎవరూ దుర్మార్గులై అన్నది కాదు. అంకెలు చూసి అన్నారు. లేవనివాని టిక్కెట్టు డబ్బు వాపసు ఇవ్వాలా అని లారీవారబ్బాయి అడిగాడు. నియమాలలో వెదికారు, కనబడలేదు. ఆ రోజు నుండి వాడు శీతల శయ్యల పద్దులో సంఖ్యకు బదులు పేర్లు వ్రాయడం మొదలుపెట్టాడు. ఇరవై పేర్లు కల్పించడానికి ప్రతి యాత్రకూ పదిహేను నిమిషాలు వృథా అవుతున్నాయని తక్కినవారు సణిగేవారు. వైద్యుడు మాత్రం ఉండిపోయాడు.

బార్డోలీలో నివసించేవారికి ఈ పద్దు విచిత్రంగా తోచదు. కోతల కాలం రాగానే డాంగ్ అడవుల నుండి, ధూలే నందుర్‌బార్ ప్రాంతాల నుండి చెరకు కొట్టేవారు సంసారాలతో ట్రక్కులెక్కి వస్తారు. భార్యాభర్తలిద్దరూ కలిపి లెక్కకు ఒక కోయతా; అనగా ఒక కత్తి. ముకద్దం వర్షాకాలంలోనే బయానా ఇస్తాడు. అది తీరేదాకా కొడతారు. ఇక్కడి సహకార చక్కెర మిల్లుల కోసం జరిగే ఈ వలసను గురించి డచ్చి సామాజిక శాస్త్రవేత్త యాన్ బ్రెమాన్ 1978లోనే విపులంగా వ్రాశాడు. కూలిరేట్ల అంకెలు మారాయి. ట్రక్కు పైన, సామాను మీద కూర్చుని వచ్చే పిల్లలను నేను ఏటేటా చూస్తూనే ఉన్నాను.

ఇదే ఊరు ఒకప్పుడు అంకెల మీద ఒక సామ్రాజ్యాన్ని నిలదీసింది. 1928 ఫిబ్రవరిలో వల్లభభాయ్ పటేల్ నాయకత్వాన ఇక్కడి రైతులు పెంచిన శిస్తు కట్టబోమన్నారు. ముప్పయి శాతం పెంచాలని రెవెన్యూ అధికారి సిఫారసు చేయగా ప్రభుత్వం 22 శాతానికి స్థిరపరచింది. రైతులు అడిగింది మాఫీ కాదు, నిష్పాక్షికమైన విచారణ. అనగా ఆ అంకె ఎట్లా వచ్చిందో చూపించమన్నారు. పశువుల జప్తులు, భూముల జప్తులు అయ్యాక, చివరికి బ్రూమ్‌ఫీల్డ్, మాక్స్‌వెల్ అనే ఇద్దరు అధికారులు గ్రామాలు తిరిగి లెక్కలు విప్పి, 6.03 శాతానికి మించి పెంపు న్యాయం కాదని తేల్చారు. పటేల్‌కు సర్దార్ అనే బిరుదు ఆ పోరాటంలోనే వచ్చింది. స్వరాజ్ ఆశ్రమం మా ఇంటికి నడిచిపోయే దూరంలో ఉన్నది. పిల్లలు బడి నుండి విహారయాత్రగా అక్కడికి పోయినవారే. ఒక్కటి మాత్రం చెప్పుకోవాలి. ఆ విచారణ భూమి మీది శిస్తును తూచింది. అదే భూమిలో తరతరాల బాకీకి కట్టుబడి పనిచేసిన హాళీల చిట్టా దాని పరిధిలోనిది కాదు. వెట్టిచాకిరీ రద్దు చట్టం రావడానికి 1976 దాకా ఆగవలసి వచ్చింది.

గత వర్షాకాలంలో లారీవారబ్బాయి మూడు శనివారాలు రాలేదు. చెరకు లేదు, వేరే బాడుగలు దొరకలేదు. వాయిదాలు మూడు తప్పాయి. ధూలే రహదారి పక్కన టీ దుకాణం ముందు ఆగిన లారీని అప్పిచ్చిన సంస్థ మనుషులు వచ్చి తాళాలు తీసుకుని తోలుకుపోయారు. నాలుగో శనివారం వాడు వచ్చాడు. చేతిలో చోపడా లేదు; ముప్పయి పుటల ఒప్పందపత్రం ఉన్నది. అంతా ఇంగ్లీషు. ప్రతి పుట అడుగున తండ్రి సంతకం, గుజరాతీలో.

"మాసీ, ఆటలో తనఖా అర్థం చెప్పారు. ఇది చెప్పండి" అన్నాడు.

రెండు సాయంకాలాలు కూర్చుని చదివాము. నా వృత్తిలో ఇటువంటి పత్రాలు కొత్త కాదు. కాని ఒక్కొక్క వాక్యం గుజరాతీలోకి తిప్పి చెబుతూ ఉంటే ఎదుట కూర్చున్న తండ్రి ముఖం చూడడం కొత్త. గడువు దాటిన రోజులకు అదనపు వడ్డీ, స్వాధీన ఖర్చులు, స్వాధీనం చేసుకున్న బండిని నిలిపే స్థలానికి రోజుకింత అద్దె. తన లారీని తన వద్దనుండి తీసుకుపోయినందుకు కూలి కూడా తానే ఇవ్వాలన్న వాక్యాన్ని ఆయన రెండుసార్లు చదివించుకున్నాడు. వసూళ్లకు కండబలం ఉపయోగించరాదని 2007లో సుప్రీంకోర్టు ఒక బ్యాంకు కేసులో చెప్పింది. అప్పు కాగితాలు, ఉత్తరప్రత్యుత్తరాలు అప్పు తీసుకున్నవానికి అర్థమయ్యే భాషలో ఉండాలని ఇటువంటి సంస్థలకు రిజర్వు బ్యాంకు నియమావళి చెబుతున్నది. ఈ సంగతులు ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఖాతా వివరాలు, ఒప్పందం గుజరాతీ ప్రతి కోరుతూ జాబు వ్రాశాము.

ఆ శనివారమే బల్ల మీద కూడా వాయిదా తప్పింది. ముందు నెలల లోటు పేరుకుని, నౌక ఒక పెద్ద రేవులో చిక్కుపడింది. నిర్ణేతగా ఉన్న మా అబ్బాయి నన్ను వంటగదిలోకి పిలిచి, దారిలో నిధి ఒకటి దొరికినట్లు చేసి వీణ్ణి గట్టెక్కించనా అని గుసగుసగా అడిగాడు. వాణ్ణే అడుగు అన్నాను. అడిగాడు. లారీవారబ్బాయి తల అడ్డంగా ఊపాడు. రాత్రికి రాత్రి లంఘించి పారిపోదామని తక్కినవారు అన్నారు. నియమాలలో అందుకు వీలున్నది, వెంబడి వేటగాళ్లు పడతారు, మంచి కథ అవుతుంది. దానికీ వాడు ఒప్పుకోలేదు.

"బ్యాంకువాడు రానీ. నేను మాట్లాడతాను" అన్నాడు.

తరువాతి మూడు గంటలు ఒక్క పాచిక కూడా పడలేదు. మా అబ్బాయి బ్యాంకు ప్రతినిధి పాత్ర వహించాడు. ఇరవయ్యారు వాయిదాలు కట్టాము, 40,17,000 అయింది, అందులో అసలుకు ఎంత పోయింది, వడ్డీకి ఎంత పోయింది? నౌకను వేలం వేస్తే వచ్చే సొమ్ము మా ఖాతాలో ఎక్కడ చూపుతారు? రేవులో నిలిపినందుకు ఎవరు కట్టాలి? ఎందుకు? మా వాడికి చెమటలు పట్టాయి. నలభై ఏళ్ల వాయిదాలలో అసలెంత వడ్డీ ఎంత అనే విభజన ఆ నల్ల పుస్తకంలో వాడికి దొరకలేదు. చివరికి అందరూ కాగితాలు తీసి తామే కట్టారు. గుమాస్తాగిరీ వద్దన్న కుర్రవాడే అందరికంటె ముందు కట్టి ముగించాడు. ఆ రాత్రి నౌక పోయింది. బాకీ కొంత తగ్గిపోయింది.

బజారులో జరిగినది అంత సంతృప్తికరంగా లేదు. ఆరు వారాలకు ఖాతా వివరాలు వచ్చాయి. ఆ సరికే లారీ అమ్ముడుపోయింది. ఇంకా కట్టవలసినదని చూపిన మొత్తంలో రెండు పద్దులకు వివరణ అడిగితే ఆ రెండూ తీసివేశారు. మిగిలినది ఆయన నెలనెలా కడుతున్నాడు. ప్రస్తుతం వ్యారా ఆసామి ఒకరి లారీ తోలుతున్నాడు. గుజరాతీ ప్రతి ఇంకా రాలేదు. రెండవ జాబు వ్రాసి ఉంచాను.

పిల్లల ఆట సాగుతూనే ఉన్నది. నౌక లేని నలుగురూ మరొకరి నౌకలో పనికి కుదిరారు. కొత్త కెప్టెన్ పెద్ద మీసాలవాడని, రెండు యుద్ధాలలో పాల్గొన్నాడని, కంటి మీద గాటు ఉన్నదని మా అబ్బాయి వర్ణించుకుంటూ పోతున్నాడు. ఇంజనీరుగా చేరిన లారీవారబ్బాయి ఎర్రట్టల చోపడాలో కొత్త పుట తీశాడు. గాటు సంగతి వాడు వినిపించుకోలేదు. జీతం ఏ తారీఖున ఇస్తారని అడిగాడు. అది వ్రాసుకున్నాక, ఈ నౌక మీద ఇంకా ఎన్ని వాయిదాలున్నాయని అడిగాడు.